ముసలాడి మెడ

చిరంజీవి నా బంగారుతండ్రికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, మనింటి తుక్కు కొట్లో తుప్పు పట్టిన డబ్బాలూ, గోడ మీది బల్లీ. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, నువ్వెలా ఉన్నావో నాకన్నా ముందు ఈ ఉత్తరం విప్పి చదివే జైలు అయ్యగారికే బాగా తెలుసు. అయ్యా, మీకూ నమస్కారం. నా అక్షరాలు కోడి గెలికినట్టు ఉంటాయి. విసుక్కోకుండా చివరిదాకా చదవండి. ఇదొక్కటే మిమ్మల్ని అడిగేది.

నీ ఉత్తరం అందింది. విప్పి విప్పి మడతల దగ్గర చిరిగిపోయింది. లోపల డబ్బా వాద్యం చేసుకుంటున్నావని చదివితే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వంటశాల వాళ్ళు ఖాళీ నూనె డబ్బా ఇచ్చారనీ, విరిగిన బల్ల కోడు ఇచ్చారనీ, తీగ మాత్రం చచ్చినా ఇవ్వమన్నారనీ రాశావు. ఎందుకిస్తార్రా? తుక్కు యార్డు కంట్రాక్టరుని తీగతో గొంతు బిగించి చంపావని నిన్ను లోపల పెట్టారు. వచ్చే వారం తీర్పు. అలాంటివాడి చేతికి తీగ ఇచ్చి ఎదురుగా కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది? వాళ్ళకీ పెళ్ళాం పిల్లలుంటారు కదా.

నా పోయిన ఉత్తరంలో 'మెడ విరవాలి', 'పొట్ట కొయ్యాలి' అన్న చోటల్లా నల్ల సిరా పూసి ఇచ్చారట. అయ్యా, మా వాద్యానికి కర్ర మెడ. డబ్బా పొట్ట. తీగ చుట్టే మేకులు చెవులు. చెవులు మెలిపెడితే గానీ మాట వినదు. మా నాన్న పెట్టిన పేర్లివి, మా ఇంట్లో వేరే పేర్లు తెలియవు. ఈ పేర్లే మా కొంప ముంచాయి. ఆ రోజు పొద్దున మా వాడు కొట్టు ముందు నిలబడి, రోడ్డవతల ఉన్న స్నేహితుడితో అరిచి చెప్పాడు: "ముసలాడి మెడ విరిచేశాన్రా! సాయంత్రం పొట్ట కూడా కోసేస్తా. రేపటినించీ కొత్త గొంతుతో అరుస్తాడు!" ముసలాడంటే మా నాన్న చేసిన వాద్యం. మా ఖర్మ కొద్దీ యార్డులో పనివాళ్ళు కంట్రాక్టరుని కూడా చాటుగా ముసలాడనే పిలిచేవాళ్ళు. పక్క కొట్టు టైలరు నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి కంట్రాక్టరు శవం బయటపడింది. ఇంకేముంది, టైలరు బోనెక్కి ఆ మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. జడ్జిగారు రాసుకున్నారు.

సరే, నువ్వడిగినవి ఒక్కొక్కటే చెప్తాను. తీగ లేకుండా ఎలాగంటావు. మీ తాతయ్య సమ్మెలో జైలుకెళ్ళినప్పుడు ఆయనకీ ఇవ్వలేదు. గోనెసంచి నుంచి నూలు పీకి, మూడు పోగులు కలిపి పురి పెట్టి, సబ్బు రుద్ది వాడుకున్నాడు. అయితే పురి పెట్టగానే కట్టెయ్యకు. మన కొట్లో తీగకి బద్ధకం వదిలిస్తాం చూడు, అలా నూలుకీ వదిలించాలి. ఒక కొస గోడ కొక్కేనికి తగిలించి, ఇంకో కొస పళ్ళచక్రానికి చుట్టి, పిడి తిప్పి బిగించి కాసేపు వదిలెయ్యాలి. అక్కడ మనలాగా లారీ సామాన్లు బిగించే పళ్ళచక్రం ఎక్కడ దొరుకుతుంది? ఒక రాయి కట్టి వేలాడదియ్యి. అలా సాగదీయకపోతే పాట మధ్యలో జారిపోయి నీ పరువు తీస్తుంది.

మెట్లు పెట్టనా వద్దా అని అడిగావు. వద్దు. మన వాద్యానికి మెట్లు లేవు, ఎప్పుడూ లేవు. మెట్లు పెడితే వేలు ఎక్కడ ఆనించాలో మెట్టు చెప్తుంది. లేకపోతే నీ చెవి చెప్పాలి. జైల్లో నీకు తీరికే తీరిక, చెవికి పని చెప్పు.

నీ గదిలో ఉన్న పెద్దాయన "ఇది మొదట ఎవరు కనిపెట్టారోయ్, మీవాళ్ళంతా సంగీతం తెలిసినవాళ్ళా?" అని అడిగాడట. సంగీతమా, పాడా! ఆయనకి చెప్పు, మా వంశంలో దీన్ని మొదట చేసింది తన్నులు తినే ఆడమనిషి అని.

మీ ముత్తవ్వ, అంటే మా నాన్నని కన్నతల్లి, మిల్లు కూలీల వరస గదుల్లో ఉండేది. గదికీ గదికీ మధ్య ఒకటే గోడ. మీ ముత్తాత తాగొచ్చి బెల్టు తీసేవాడు. బెల్టు బిళ్ళ తగిలి ఆవిడ కనుబొమ చీలిన మచ్చ నేను చూశాను, వేలు పెడితే దిగేది. ఒకరోజు ఆవిడ అరిగిపోయిన చీపురుకి చుట్టి ఉన్న ఇనుపతీగ ఊడదీసి, గోడకి రెండు మేకులు కొట్టి, బిగించి కట్టింది. తీగ కింద ఆ కొసనా ఈ కొసనా మొగుడు తాగి పారేసిన సీసాలే దూర్చింది. మీటితే గోడ మొత్తం మోగింది. వరస చివరి గదిలో ఉన్నవాళ్ళకి కూడా వినపడింది. ఆ తర్వాత ఆయన బెల్టు మీద చెయ్యి వేస్తే ఈవిడ తీగ మీద చెయ్యి వేసేది. చప్పుడు వినగానే గదుల్లోంచి ఆడవాళ్ళు చేతికందింది పట్టుకుని వచ్చేవాళ్ళు. రెండోసారికే మీ ముత్తాత ముందు పళ్ళు గడప మీద దొరికాయి. పాటలు తర్వాత వచ్చాయి. తన్నులు తగ్గాక కాస్త తీరిక దొరికింది కదా.

ఆ తీగ వింటూ పెరిగినవాడు మా నాన్న. మిల్లులో సమ్మె కట్టినప్పుడు కాపలావాళ్ళు వచ్చి గుడిసెల మీద పెట్రోలు పోసి తగలబెట్టారు. మంచంలో ఉన్న ఒక బాలింత బయటికి రాలేకపోయింది. లోపలికి ఉరికిన మీ తాతయ్యని భుజం మీద కొట్టిన దెబ్బకి లాఠీ రెండు ముక్కలైంది. భుజం ఎముక కూడా అయింది. తెల్లారాక ఆ బూడిదలో తిరిగి, వాళ్ళు పారేసి పోయిన పెట్రోలు డబ్బా ఒకటీ, లాఠీ ముక్కలు రెండూ ఏరుకొచ్చాడు. "ఎందుకు నాన్నా ఈ దరిద్రం?" అంటే, "మనల్ని కాల్చిన డబ్బా, మనల్ని కొట్టిన కర్ర. ఊరికే వచ్చాయా? మన చర్మం ఇచ్చి కొనుక్కున్నాం" అన్నాడు. ముక్కలు రెండూ అతికి మెడ చేశాడు. సైకిలు బ్రేకు తీగ పోగులు విప్పి తగిలించాడు. దాని గొంతు బొంగురు. అందుకే ముసలాడని పేరు పెట్టాడు. ఒక చెయ్యి పైకి లేవకపోయినా, పోయేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

ఆ అతుకే వదులై ముసలాడు జీరగా అరుస్తున్నాడని నువ్వు మెడ విరిచేశావు. మంచి పనే చేశావు. కూలగొట్టిన ఇంటి దగ్గర గట్టి కర్ర దొరుకుతుందని చెప్పి సైకిలెక్కి పోయావు. నిన్ను అక్కడ చూసినవాడు ఒక్కడూ లేకపోవడమే మన ప్రారబ్ధం. పోలీసులకి నీ సైకిలు సంచిలో బ్రేకు తీగ చుట్ట దొరకడం ఇంకో ప్రారబ్ధం.

నా కాలు సంగతి అడిగావు. "మెట్ల మీంచి పడ్డానన్నావు, వేళ్ళు అతుక్కున్నాయా అమ్మా?" అని. అతుక్కున్నాయి గానీ వంకరగా అతుక్కున్నాయి. చెప్పులోకి దూరవు. ఒరే పిచ్చి సన్నాసీ, నువ్వు పుట్టిన దగ్గర్నించీ ఈ ఇంట్లోనే ఉన్నావు కదా. మనింటికి మెట్లెక్కడున్నాయిరా? గడప దాటితే రోడ్డు. పోలీసులు రాసుకున్నారు, ఆస్పత్రి వాళ్ళు రాసుకున్నారు, టైలరు పెళ్ళాం పాపం కొబ్బరినూనె తెచ్చి మర్దనా చేసింది. ఒక్కరంటే ఒక్కరు, ఏ మెట్లు అని అడగలేదు. ముసలివాళ్ళు పడతారు, అంతే అనుకున్నారు.

నీ ఆఖరి ప్రశ్న ఒకటి మిగిలింది. "నేనే చంపానని స్టేషనుకెళ్ళి చెప్పావట. నా కోసం ఎందుకమ్మా అలా అబద్ధాలు చెప్తావు? నా పరువు పోతోంది" అని రాశావు. ఇంతసేపూ ముత్తవ్వ కథలు చెప్పి దీని దగ్గరికి రాకుండా తప్పించుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

నువ్వు సైకిలు మీద వెళ్ళాక నేను కొత్త బ్రేకు తీగకి బద్ధకం వదిలిద్దామని కూర్చున్నాను. ఒక కొస గోడ కొక్కేనికి తగిలించాను. అప్పుడు వచ్చాడు కంట్రాక్టరు. చేతిలో ఇనపకడ్డీ. అది ఏ కడ్డీయో నీకు తెలుసు. యార్డులో డ్రమ్ము పేలి మనిషి పోయాడని పని ఆపించినందుకు, నీతో కలిసి నిలబడిన వెల్డరు వేళ్ళు అందరూ చూస్తుండగా దిమ్మ మీద పెట్టి చితక్కొట్టిన కడ్డీ. ఆ వెల్డరుకి ఇప్పుడు పెళ్ళాం అన్నం కలిపి పెడుతోంది.

"నీ కొడుకేడే?" అన్నాడు.

"లేడు బాబూ. ఊళ్ళోకి వెళ్ళాడు."

"వస్తాడుగా. కూర్చుంటా. వాడు బాగా వాయిస్తాడంటగా. ఇవాళ రెండు చేతులూ పట్టుకెళ్తా, మొండెం నువ్వుంచుకో."

నేను కాళ్ళ మీద పడ్డాను రా. నిజంగా పడ్డాను. అతను కడ్డీ మొన నా కాలి మీద ఆనించి, బరువంతా వేసి నొక్కాడు. వేళ్ళు విరిగిన చప్పుడు నాకే వినపడింది. "అరిచావంటే రెండోది" అన్నాడు. అరవలేదు. కింద పడున్న ముసలాడి పొట్ట మీద బూటుతో తొక్కి, మడమ లాడం అచ్చు దింపి, నవ్వి, తలుపు వెనక పీట లాక్కుని కూర్చున్నాడు. వీధిలోంచి వచ్చేవాడికి కనపడడు. కడ్డీ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. సరిగ్గా కొక్కేనికీ పళ్ళచక్రానికీ మధ్యన కూర్చున్నాడు. వీపు నావైపు.

నేను పాక్కుంటూ బల్ల దగ్గరికి పోయి తీగ కొస పట్టుకున్నాను. అతను తల తిప్పకుండానే, "ఏం చేస్తున్నావే?" అన్నాడు.

"తీగ సాగదీస్తున్నాను బాబూ. నా పని."

"కానీ. చప్పుడు చెయ్యకు."

అతనే కానిమ్మన్నాడు రా. తీగ అతని వీపు వెనకనించి పోతోంది. నేను చక్రం పక్కన కూర్చుని నీ సైకిలు గంట కోసం చెవులు రిక్కించి విన్నాను. రాకూడదని దండం పెట్టుకున్నాను. ఇంకో వీధిలోంచి పో నాయనా, చక్రంలో గాలి పోయి ఎక్కడో ఆగిపో నాయనా అని. గంట మోగింది. మలుపు దగ్గర, నువ్వు మోగించినట్టే రెండుసార్లు. అతను కడ్డీ ఎత్తి పీట మీంచి సగం లేచాడు.

తీగ అతని తల మీదుగా వేసి మెడ చుట్టూ ఒక చుట్టు తిప్పాను. తలకి తువ్వాలు చుట్టినంత తేలిగ్గా అయిపోయింది. కొస చక్రంలో దూర్చి పిడి తిప్పాను. నేను ఎంత మనిషిని? కానీ ఆ చక్రానికి లారీ సామాన్లు ఒక లెక్క కాదు. టకటకమని బిగుసుకుంది. కడ్డీ జారిపడింది. కాళ్ళు కొట్టుకుని డబ్బాలన్నీ దొర్లాయి. వేళ్ళు తీగ కిందికి దూర్చాలని చూశాడు, దూరలేదు. ముఖం నల్లబడింది, చెవిలోంచి రక్తం సన్నగా దిగింది.

అప్పుడు వినిపించింది రా, వీధిలో, "నీళ్ళూ! నీళ్ళ డబ్బాలూ!" అని. ఆ గంట నీది కాదు. నీళ్ళ డబ్బాలవాడిది.

పళ్ళచక్రం వెనక్కి తిరగదు. పళ్ళ మధ్య పడి ఆపే ఇనుప నాలిక ఎత్తితేనే వదులవుతుంది. నా బొటనవేలు నాలిక మీదే ఉంది. ఎత్తొచ్చు. అతనింకా బతికే ఉన్నాడు, కళ్ళు నావైపు తిప్పాడు. ఎత్తితే వదులవుతుందని అతనికి తెలియదు, నాకు తెలుసు. వెల్డరు వేళ్ళు గుర్తొచ్చాయి. నీ వేళ్ళు గుర్తొచ్చాయి. ఇంకొక్క పన్ను బిగించాను.

ఇదీ నేను దాచింది. చంపడం కన్నా ఈ ఒక్క పన్నే నాకు నిద్ర లేకుండా చేసింది. అతని కోసం ఏడవలేదు. ఏడ్చానని రాస్తే అదీ అబద్ధమే అవుతుంది.

తర్వాత ఇంజను దిమ్మల్ని ఎక్కించినట్టే, తోపుడుబండి ముక్కు కిందికి వంచి, పలక మీద జార్చి ఎక్కించాను. పైన రేకులు పరిచాను. మిట్టమధ్యాహ్నం కుంటుకుంటూ తుక్కు బండి తోసుకెళ్ళే ముసలిదాన్ని ఎవరు చూస్తారు? టైలరు "ఎండలో ఎందుకు పిన్నీ?" అని కూడా అన్నాడు. యార్డులో అందరూ భోజనాలకి పోయారు. అతని తుక్కులోనే అతన్ని దింపి వచ్చాను. నువ్వు కర్ర భుజాన వేసుకుని వచ్చేసరికి నేను అన్నం వండుతున్నాను. కాలేమైందంటే మెట్ల మీంచి పడ్డానన్నాను. నువ్వు నమ్మావు. నమ్మి, కట్టు కట్టావు. ఆ కట్టు సగంలో ఉండగానే పోలీసులు వచ్చి నిన్ను పట్టుకెళ్ళారు.

ఆ రోజే ఎందుకు చెప్పలేదంటే భయం. నోటిమాట మీద ఎన్నాళ్ళు ఉంచుతారు, వదిలేస్తారులే అనుకున్నాను. నాలుగో నాడు నిన్ను చూపించినప్పుడు ముందు పన్ను లేదు, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. అప్పుడే ఇన్‌స్పెక్టరు ఎదుటే చెప్పాను. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "నువ్వా? అతన్నా? దోమ ఏనుగుని చంపిందంట. ప్రతి తల్లీ ఇదే చెప్తుంది, ఇంటికెళ్ళవ్వా" అన్నాడు. మళ్ళీ వెళితే గేటు దగ్గరే ఆపేశారు. లాయరేమో, "నోరు మెదపకండమ్మా. తల్లీకొడుకులు కలిసి చేశారంటారు, ఇద్దరికీ పడుతుంది" అన్నాడు. ఆఖరికి నువ్వూ నమ్మలేదు. మెట్లు నమ్మావు గానీ దీన్ని నమ్మలేదు.

అయ్యా, ఇక మీతో. పోయినసారి మా వాడిని చూడటానికి వచ్చినప్పుడు మీ గేటు దగ్గర బోర్డు కూడబలుక్కుని చదివాను. ఖైదీల ఉత్తరాల్లో కేసుకి సంబంధించిన మాట ఏది ఉన్నా దాన్ని కోర్టుకి పంపాలని రాసుంది. నా మాట రాసుకునేవాళ్ళు దొరకలేదు, అందుకని నేనే రాశాను. శవాన్ని పరీక్ష చేసిన పెద్ద డాక్టరు కోర్టులో చెప్పాడు కదా, తీగకి ఒకచోట ముడి ఉందనీ, ఆ ముడి అచ్చు ఎడమ చెవి కింద పడిందనీ, అలాంటి ముడి తానెక్కడా చూడలేదనీ. అది మా నాన్న ముడి. కొక్కేనికి తగిలించే ముందు, పొట్టి తీగలు రెండు కలిపే చోట జారకుండా వేస్తాం. మా వాడికి రాదు, ఎన్నిసార్లు నేర్పినా తలకిందులుగా వేస్తాడు. కావాలంటే ఇప్పుడే తాడిచ్చి వెయ్యమనండి. కడ్డీ నా మంచం కింద ఉంది. ముసలాడి పొట్ట మీద అతని బూటు లాడం అచ్చు ఉంది. నా కాలు నా దగ్గరే ఉంది.

మీరంతా వెతికిన తీగ మా ఇంటి ముందు గోడ మీదే ఉంది. పారెయ్యాల్సింది. చేతులు రాలేదు. తరతరాలుగా ఒకళ్ళు పారేసింది ఏరుకుని బతికిన ఇల్లు, మంచి తీగ పారేసే అలవాటు మాకు లేదు. ముత్తవ్వలాగా రెండు మేకులు కొట్టి, రెండు సీసాలు దూర్చి కట్టాను. ముడి విప్పలేదు. వీధిలో పోయేవాళ్ళంతా ఒకసారి మీటి పోతారు. ఇల్లు సోదా చెయ్యడానికి వచ్చిన కానిస్టేబులు కూడా మీటి, "భలే మోగుతోందవ్వా" అన్నాడు.

నాయనా, ఇంత రాశాక ఒక మాట. ఈ ఉత్తరం నీకు అందకూడదు. అందలేదంటే అది చేరాల్సిన చోటికి చేరినట్టే. అంది, ముద్ర పడి నీ చేతిలోకి వచ్చిందంటే ఆ అయ్యగారు చదవకుండా ముద్ర కొట్టేశారన్నమాట. అప్పుడు నోరు పెట్టుకుని గోల చెయ్యి, అరిచి ఆయన చేతే పైకి చదివించు. నువ్వు బయటికి వచ్చేసరికి నేను ఇంట్లో ఉండను. అన్నం గిన్నె టైలరు పెళ్ళాం దగ్గర పెడతాను. టైలరుని కొట్టకు, అతను విన్నదే చెప్పాడు. నువ్వు తెచ్చిన కర్ర తడవకుండా అటక మీద పెట్టాను, ముసలాడికి మెడ పెట్టు. మెట్లు మాత్రం వద్దు.

వాళ్ళు వచ్చేదాకా గడప దగ్గరే కూర్చుంటాను.

ఇట్లు,
మెట్ల మీంచి పడని
మీ అమ్మ